ముక్కల నిద్ర

అలారం మోగింది. అరుగు మీద ఏడుగురు పడుకుని ఉన్నారు. లేచింది ఒక్కడే.

లేచినవాడికి కోటు ఉంది. మిగిలిన ఆరుగురికి చొక్కాలు కూడా లేవు.

రంభ స్టేషను రోడ్డులో నరసన్న గారి నల్లమందు కొట్టుకి ఆనుకుని ఉన్న అరుగు అది. కొట్టులో కూర్చుని మందు తినకూడదని లైసెన్సులో రాసి ఉంది. అరుగు మాట లైసెన్సులో లేదు. అందుకని కొన్నవాళ్ళు పది అడుగులు నడిచి, అరుగెక్కి, మిరియపు గింజంత ఉండ నోట్లో వేసుకుని, గోడవైపు తిరిగి పడుకునేవాళ్ళు.

కోటు కుర్రవాడు సంచిలో చెయ్యి పెట్టి గడియారం నోరు మూయించాడు. పన్నెండున్నర. లేచి నిలబడి కోటు దులుపుకున్నాడు.

"దులిపితే రావు. ఎండితే వస్తాయి."

అరుగు వెనకే ఉన్న నరసన్న గారి ఇంటి గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో ఖాళీ చేట. ఆమె అతని మొహం చూడటం లేదు. వీపు చూస్తోంది.

"ఏటి రావు?" అన్నాడు.

"వడియాలు. పొద్దున్నే చాప మీద పెట్టేను. ఆ చాప మీదే మీరు తొంగున్నారు."

అతను వెనక్కి తిరిగాడు. చాప నిండా గుమ్మడి వడియాలు వరసలుగా ఉన్నాయి. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది.

"చాప కనిపిస్తే పడుకోడానికే వేశారనుకున్నానండి. టైమైపోయింది. కళ్ళు మూసుకుపోతున్నాయి. కింద ఏముందో చూసుకోలేదు."

"ఈ అరుగు మీద ఎవరూ సూసుకోరు లెండి." ఆమె చేట చంకన పెట్టుకుంది. "ఎన్నాళ్ళబట్టి?"

"మూడు నెలలు."

"రోజుకి ఎన్నిసార్లు?"

"ఆరు." అతని గొంతులో కొంచెం గర్వం ఉంది.

"ఆరా. అదిగో, ఆ మూల తొంగున్న మా మసేను పాతికేళ్ళబట్టి తింటన్నాడు. వాడికే మూడు."

"మొదటి పది రోజులే కష్టమండి. తర్వాత ఒళ్ళు దానంతటదే అడుగుతుంది."

"అందరూ అదే సెప్తారు. ఎవరు నేర్పేరు మీకు?"

"ఒక డాక్టరు."

"అదీ అందరూ సెప్తారు. మీ అమ్మగారికి తెలుసునా?"

"తెలుసు. ఏడుస్తుంది."

"ఏడవదేటి మరి. రోజుకి ఆరు ఉండలు తింటే."

"ఉండలేటి?"

ఆమె చేటతో పైకి చూపించింది. అతను తలెత్తి బోర్డు చదివాడు. ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి, ఒరియాలో ఒకసారి చదివాడు. మూడింటిలోనూ అదే ఉంది.

"నేను చెప్తున్నది నిద్ర గురించండి," అన్నాడు.

"అదీ అందరూ సెప్తారు," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

అతని పేరు శ్యామసుందర్. బరంపురం బడా బజారులో పట్టుబట్టల సింహాచలం గారికి ఒక్కడే కొడుకు. ఎస్.ఎస్.ఎల్.సి. రెండో దండయాత్రలో గెలిచి, ఆ తర్వాత తండ్రి కొట్టులో కూర్చుని బేరాలు పాడుచేస్తున్నాడు. సాయంత్రాలు రీడింగు రూముకి వెళ్ళేవాడు. అక్కడికి ఓడ మీద రెండు నెలలు ఆలస్యంగా వచ్చే ఒక ఇంగ్లీషు పత్రికలో ఎవరో డాక్టరు రాశాడు. మనిషి రాత్రంతా ఒక్క పెట్టున నిద్రపోవడం వట్టి అలవాటు. పిల్లి అలా పడుకోదు, కుక్క అలా పడుకోదు, పసిబిడ్డ అలా పడుకోదు. నిద్రని ఆరు ముక్కలు చేసి, నాలుగు గంటలకి ఒకసారి అరగంట చొప్పున పడుకుంటే రోజు మొత్తానికి మూడు గంటలు చాలు. మిగిలిన ఐదు గంటల్లో మనిషి ఏదైనా సాధించవచ్చు.

శ్యామసుందర్ టైపూ షార్ట్‌హ్యాండూ సాధిద్దామనుకున్నాడు. అలారం గడియారం కొన్నాడు. డాక్టరు చెప్పినట్టే రోజుకి ఐదు గంటలు మిగిలాయి. ఆ ఐదు గంటలూ నిద్ర ఆపుకోవడంలో గడిచిపోయేవి.

తండ్రి ఒకటే మాట అన్నాడు. "ఎనిమిదికి మనం కొట్టు తెరుస్తాం. ఎనిమిదికి వీడు కళ్ళు మూస్తాడు. సరిపోయింది." తల్లి ఈశ్వరమ్మ జబ్బకి తాయెత్తు కట్టించింది. తాయెత్తు కట్టుకోకూడదని డాక్టరు ఎక్కడా రాయలేదు కాబట్టి అతను కట్టుకున్నాడు.

రంభలో గురువారం గురువారం సంత. అక్కడి కొట్లకు పట్టు మూటలు తీసుకెళ్ళే పని గుమాస్తాది. ఆ వారం వాడికి జ్వరమొస్తే శ్యామసుందర్ వెళ్ళాడు. మరుసటి గురువారానికి ఆ పని శ్యామసుందర్ తనంతట తనే అడిగి తీసుకున్నాడు. కొడుక్కి బుద్ధి వచ్చిందని సింహాచలం గారు సంతోషించారు.

"మళ్ళీ వచ్చేరేటి?" అంది ఆ అమ్మాయి.

"కోటు ఎండిందండి." అతను కాగితం పొట్లం విప్పి అరుగు మీద పెట్టాడు. "పదకొండు ఉన్నాయి."

ఆమె లెక్కపెట్టింది. "పద్నాలుగు అంటుకున్నాయి."

"మూడు మా అమ్మ వేయించింది."

"ఎలగున్నాయట?"

"ఉప్పు తక్కువట."

"దొంగసొత్తుకి ఉప్పు కూడా సరిపోవాల కాబోలు." ఆమె పొట్లం తీసుకుంది. మొహం లోపలివైపు తిప్పుకుంది గానీ నవ్వు తిరగడానికి కొంచెం ఆలస్యమైంది. అతను చూశాడు.

ఆమె పేరు కామాక్షి అని ఆ రోజే తెలిసింది. లోపలి గదిలోంచి ముసలి గొంతు ఒకటి ఆ పేరును గంటకి పదిసార్లు పిలిచేది. అది ఆమె నాయనమ్మ కూర్మమ్మ. ఎవరైనా పట్టుకుంటే గానీ మంచం దిగలేదు. నరసన్న గారి కూతురు కామాక్షికి తల్లి లేదు.

పన్నెండయ్యేసరికి అతను అరుగెక్కేవాడు. పన్నెండున్నరకి అలారం మోగేది. పక్కన ఆరుగురు కదిలేవాళ్ళు కారు. ఆ తర్వాత అతనికి నీళ్ళు కావలసి వచ్చేవి. నీళ్ళు ఇచ్చేటప్పుడు ఆమెకు ఏదో ఒక సందేహం వచ్చేది.

"ఆ డాక్టరుకి పెళ్ళయిందేటి?"

"రాయలేదండి."

"అయ్యుండదు. అయినోడు అలగ రాయడు. మరి మిగిలిన ఐదు గంటలూ ఏటి సేస్తన్నారు?"

"ఆలోచిస్తున్నాను."

"దేని గురించి?"

"వడియాల గురించి," అన్నాడు. ఆమె చెంబు లాక్కుని లోపలికి వెళ్ళింది. చెంబులో ఇంకా సగం నీళ్ళున్నాయి.

ఆషాఢంలో ఒక గురువారం వాన పట్టుకుంది. చిలక సరస్సు మీదనుంచి వచ్చే వాన నేరుగా పడదు. పక్కనుంచి కొడుతుంది. అరుగు పైకప్పులో పెంకులు రెండు జరిగి ఉన్నాయి. పడుకున్నవాళ్ళ మీద చుక్కలు పడుతున్నాయి. మసేను నిద్రలోనే మొహం తుడుచుకుని, కారుతున్న పడవలో ఉన్నట్టు ఎవరినో తిట్టి, అటు తిరిగాడు. మిగిలినవాళ్ళూ తుడుచుకున్నారు, తిరిగారు. శ్యామసుందర్ ముక్కు మీద సరిగ్గా ఒకే చోట చుక్క తర్వాత చుక్క పడింది. అతను కదల్లేదు.

కామాక్షి గుమ్మంలోంచి అది చాలాసేపు చూసింది. పంతొమ్మిది చుక్కల వరకు లెక్కపెట్టి, లోపలికి వెళ్ళి, వెదురు కర్రతో పెంకు సర్దింది.

శ్రావణం రాకముందే శ్యామసుందర్ కామాక్షిని చేసుకుంటానని తల్లితో చెప్పాడు. ఈశ్వరమ్మ తండ్రితో చెప్పింది. కులం ఒకటే, గోత్రాలు వేరు, జాతకాలు కుదిరాయి. పెళ్ళయితేనైనా కొడుకు మనుషుల్లాగా పడుకుంటాడని ఆవిడ ఆశ. పిల్లవాణ్ణి చూడటానికి నరసన్న బరంపురం వచ్చాడు.

నరసన్న ఇరవయ్యేళ్ళుగా నల్లమందు అమ్ముతున్నాడు. ఛత్రపురం సర్కారు ఖజానా నుంచి సరుకు తెచ్చి, తూకం తప్పకుండా అమ్ముతాడు. తను ఒక్కనాడూ ముట్టలేదు. ఆయనకి ఉన్న పట్టుదల ఒకటే. తినేవాడికి పిల్లనివ్వడు.

పొద్దున్నే బండి దిగి నేరుగా బడా బజారు వచ్చాడు. ఎనిమిది దాటి పది నిమిషాలైంది. పెళ్ళికొడుకు పట్టు మూటల మధ్య నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

"ఒంట్లో బాగోనేదా?" అని అడిగాడు నరసన్న.

"బాగానే ఉందండి. వాడికిది అలవాటు," అన్నారు సింహాచలం గారు.

అలవాటు అనే మాట నరసన్న ఇరవయ్యేళ్ళుగా వింటున్నాడు. కూర్చున్నాడు. మధ్యాహ్నం విస్తళ్ళలో పప్పు అయి చారు వచ్చేలోగా పెళ్ళికొడుకు లేచి వెళ్ళాడు. పక్కగదిలో నిద్రపోతూ కనిపించాడు. నాలుగింటికి మళ్ళీ. ఈసారి నరసన్న చూపు కొయ్యకు తగిలించిన కోటు మీద పడింది. వీపు మీద వరసగా గుండ్రటి మరకలు ఉన్నాయి.

ఆయన కండువా మడిచి భుజాన వేసుకున్నాడు.

"కుర్రోడు మంచోడే బాబూ. మనకీ సంబంధం ఒద్దు."

"ఏటి లోపం?" అన్నారు సింహాచలం గారు.

"మా అరుగు మీద సూసేను ఈ కోటు."

"వాడు పడుకోడానికి ఎక్కాడండి. వాడికి నిద్ర పిచ్చి. నాలుగు గంటలకోసారి గడియారం పెట్టుకుని మరీ పడుకుంటాడు."

"అదే సెప్తన్నాను. నిద్రకి వేళ తప్పుతాది. పెళ్ళిలో తప్పుతాది, జొరంలో తప్పుతాది. మందుకి తప్పదు. తినేవోడికి తెలిసినట్టు గడియారం ఇంకోడికి తెలీదు."

శ్యామసుందర్ పరుగెత్తి పత్రిక తెచ్చాడు. నరసన్నకి ఇంగ్లీషు రాదు. డాక్టరు బొమ్మ మాత్రం వెలుగులో పెట్టి చూశాడు.

"ఈయన కళ్ళు సూడండి," అన్నాడు జాలిగా.

సింహాచలం గారికి కోపం వచ్చింది. "అమ్మేవారు మీరే. తినేవాళ్ళంటే అంత చులకనేటండి?"

"అమ్ముతాను కాబట్టే," అని నరసన్న సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చి కూతురుతో ఆ మాటే చెప్పాడు. ఇచ్ఛాపురంలో బియ్యం మిల్లువాళ్ళ సంబంధం ఒకటి ఉందని, దానికి సరే అని రాస్తానని కూడా చెప్పాడు. కామాక్షి నాయనమ్మకి అన్నం కలుపుతోంది. కలపడం ఆపలేదు.

"తూకం వెయ్యకుండా నువ్వు ఆవగింజెత్తు కూడా అమ్మవు. మనిషిని ఎలగ తోసేసేవు నాన్నా?"

"కళ్ళతో సూసేను కదే."

"మూడు రోజులు మందు అందకుండా కూకోబెడితే తినేవోడు ఎవడో తేలిపోతాదని నువ్వే అంటావు. కూకోబెట్టు. తినేవోడైతే ఇచ్ఛాపురం ఉంది కదా."

నరసన్న సరే అన్నాడు. బరంపురం ఉత్తరం రాశాడు. అది చదివి సింహాచలం గారు మండిపడ్డారు. ఆయన మండిపడటం పూర్తయ్యేసరికి కొడుకు సంచి సర్దేసుకున్నాడు.

షరతు తేలికగానే ఉంది. మూడు రోజులు నరసన్న ఇంట్లో ఉండాలి. గడప దాటకూడదు. మూడో రోజుకి మనిషి మనిషిలా ఉంటే పెళ్ళి. లేకపోతే ఇచ్ఛాపురం.

నరసన్న స్వయంగా అతని జేబులు వెతికాడు, సంచి వెతికాడు. గడియారం తీసి తన పెట్టెలో పెట్టుకున్నాడు. వేళ తెలిస్తే మందు గుర్తొస్తుందని ఆయన లెక్క. కాపలాకి మసేనుని పెట్టాడు. పాతికేళ్ళ అనుభవం ఉన్నవాడు, లక్షణాలు వాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు.

శ్యామసుందర్‌కి గడియారం పోవడంతో కాలూ చెయ్యీ ఆడలేదు. నిద్రపోయినందుకే తనని అనుమానించారు. ఇప్పుడు గడియారం లేకుండా పడుకుంటే ఎప్పుడు లేస్తాడో దేవుడికి తెలియాలి. చూశారా, మందు మత్తు దిగలేదు అంటారు. అందుకని బాగా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాడు. ఈ మూడు రోజులూ అసలు పడుకోకూడదు.

మొదటి రోజు సాయంత్రానికి నలభై ఒక్కసారి ఆవలించాడు. మసేను బొగ్గుతో గోడ మీద గీతలు పెట్టాడు. రాత్రంతా పెరట్లో ఆ చివరినుంచి ఈ చివరికి నడిచాడు. తెల్లవారేసరికి కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. ముక్కు కారుతోంది. ఎలా ఉందని నరసన్న అడిగితే ఒళ్ళంతా నొప్పులని చెప్పాడు. నిజమే చెప్పాడు.

నరసన్న తల పంకించి కొట్టులోకి వెళ్ళి కాగితం, కలం తీశాడు. కుర్రవాడి మీద ఆయనకి కోపం లేదు. ఉంటే బాగుండేది.

మసేనుకి గుండె తరుక్కుపోయింది. అటూ ఇటూ చూసి దగ్గరికి వచ్చాడు.

"బాబూ, నాకాడ సిన్న ముక్క ఉన్నాది. తీసుకోండి. సావుకారికి సెప్పను."

"నాకు అలవాటు లేదు మసేనూ."

"నాకాడ దాపరికం దేనికి బాబూ. నాను పడనివా ఈ బాధ."

"నిజంగా లేదు."

పాపం సిగ్గుపడుతున్నాడనుకుని మసేను ఆ ముక్క తనే నోట్లో వేసుకున్నాడు. కాసేపటికి కాపలా నిద్రపోయింది. ఇవ్వబోయిన సంగతి చెబితే తన కాపలా కొలువు పోతుంది కాబట్టి, వద్దన్నాడన్న సంగతి కూడా ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం కామాక్షి పెద్ద కంచు గిన్నెతో వచ్చింది. గిన్నె నిండా పఖాళ. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పులియబెట్టి, పెరుగు కలిపి, కాల్చిన వంకాయ పక్కన పెట్టింది. గంజాం జిల్లాలో అది తిన్నాక ఎవరూ కచేరీకి వెళ్ళరు.

"తినండి."

"వద్దండి. పఖాళ తింటే నిద్రొస్తుంది."

"అందుకే తెచ్చేను."

అతను కన్నీళ్ళు తుడుచుకున్నాడు. "మీరు కూడా నన్ను పడగొట్టాలనే చూస్తున్నారా?"

"అవును. బేగి పడండి. మా నాన్న ఏటి సేస్తన్నాడో తెలుసునా? ఇచ్ఛాపురానికి ఉత్తరం రాస్తన్నాడు. ఆవలింతలు వచ్చేయి, ముక్కు కారతంది, కళ్ళు కారతన్నాయి, ఒళ్ళు నొప్పులని మీ నోటితోనే సెప్పేరు. మందు అందనోడికి వచ్చేవి ఇవే."

"నిద్ర లేక వచ్చాయండి ఇవి."

"ఆ తేడా మా నాన్నకి తెలీదు. నిద్ర లేనోడు ఆయనకి ఎప్పుడు ఎదురుపడ్డాడని? మా గుమ్మంలోకి వచ్చేవోళ్ళు అందరూ నిద్రపోయేవోళ్ళే."

"మరి నేనేం చెయ్యాలి?"

ఆమె గిన్నె కింద పెట్టి కూర్చుంది. చిన్నపిల్లవాడికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"తినేవోడికి మందు లేకపోతే అన్నీ వస్తాయి. ఒక్క నిద్ర రాదు. ఎంత దొర్లినా రాదు. మీరు నిన్నటినుంచీ కళ్ళు తెరుసుకుని కూకుని, నాను తినేవోణ్ణి, నాను తినేవోణ్ణి అని సాటింపేస్తన్నారు."

ఆ మాట అతని తలలోకి వెళ్ళడానికి కొంత సమయం పట్టింది. దారిలో ఒక ఆవలింత అడ్డొచ్చింది.

"ముందే చెప్పకూడదా?"

"ఏటి సెప్పమంటారు? పూటకో నిద్ర పోయే మనిషి. ఇంట్లో కూకోబెడితే నిద్రపోతాడు, నాన్న సూస్తాడు, పని అయిపోతాదని కదా నాను ఒప్పించేను. ఈ రెండు రోజులే మానేస్తారని నాకు కలొచ్చిందా?"

"మీరు ఒప్పించారా?"

ఆమె వంకాయ మీద ఈగని తోలింది. అక్కడ ఈగ లేదు.

"గడియారం లేదండి," అన్నాడు అతను. "అది లేకుండా పడుకుంటే లేవలేనని భయం."

"లేపడానికి నాను లేనూ? మా మామ్మకి రాత్రి నాలుగుసార్లు లెగుస్తాను. నీళ్ళకి ఒకసారి, పెరట్లోకి రెండుసార్లు, తెల్లారిందా అని అడగడానికి ఒకసారి. అది అయితే ఆవు. అది అయితే నాన్నకి వేణ్ణీళ్ళు. రెండేళ్ళబట్టి నా నిద్రా ముక్కలే. మీలాగ పత్రిక సూసి సెయ్యనేదు, అంతే తేడా."

శ్యామసుందర్ ఆమె కళ్ళ కింద మొదటిసారి చూశాడు. అంతవరకు కళ్ళు మాత్రమే చూశాడు.

"ఆ డాక్టరు ఇది రాయలేదండి," అన్నాడు.

"ఆయనకి వంట ఎవరు సేస్తన్నారో ఆవిడని అడిగితే రాసేది."

అతను గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. రెండు ముద్దలు తిని ఆగాడు.

"ఒక మాట చెప్పాలి. తర్వాత చెప్పే ఓపిక ఉండదు. మూడో గురువారం నుంచి మీ అరుగు మీద నేను నిద్రపోలేదు. కళ్ళు మూసుకుని మీరు మామ్మగారితో మాట్లాడుతుంటే వినేవాణ్ణి."

"తెలుసు."

"ఎలాగ తెలుసు?"

"వాన కురిసిన నాడు మీ ముక్కు మీద సుక్కలు పడ్డాయి. నిద్రపోయేవోడు తుడుసుకుంటాడు. అందరూ తుడుసుకున్నారు. మీరే బిగదీసుకుని ఉన్నారు. నిద్రపోయేవోళ్ళని సిన్నప్పటినుంచీ సూస్తన్నాను."

"తెలిసీ లేపలేదేం?"

"లేపితే ఎల్లిపోతారు కదా," అంది కామాక్షి. ఆ మాట అనేశాక ఆమెకి గిన్నె తీసుకెళ్ళే పని గుర్తొచ్చింది. గిన్నె ఇంకా అతని చేతిలోనే ఉంది.

ఒంటిగంటకి అతను పడుకున్నాడు.

మూడింటికి నరసన్న వచ్చి చూశాడు. పిలిచాడు. ఉలకలేదు. భుజం పట్టి కుదిపాడు. పలకలేదు. సాయంత్రం మళ్ళీ వచ్చాడు. పెట్టెలోంచి గడియారం తీసి, కీ ఇచ్చి, చెవి పక్కన మోగించాడు. లోపల కూర్మమ్మ లేచింది, ఆవు లేచింది, మసేను కూడా లేచాడు. శ్యామసుందర్ లేవలేదు.

"మసేనూ," అన్నాడు నరసన్న, "వీడికి నువ్వేటైనా పెట్టేవా?"

"నా పిల్లల మీద ఒట్టు సావుకారూ, పెట్టనేదు."

"నిజం సెప్పు."

"పెడతానన్నాను. ఒద్దన్నాడు." ఇక దాచి లాభం లేదని మసేనుకి తెలిసింది. "తినేవోడు ఒద్దంటాడా సావుకారూ. ఈ నిద్ర సూడండి. మందు లేని నాడు నాను మూడు రాత్రులు కప్పు సూస్తా పడున్నాను. ఇలాటి నిద్ర నాకు కలలో కూడా రానేదు."

నరసన్న కుర్రవాడి పక్కన చాలాసేపు కూర్చున్నాడు. ఊపిరి చూశాడు. గురక విన్నాడు. గురకలో లోపం ఏమీ లేదు. తర్వాత కొట్టులోకి వెళ్ళి, ఇచ్ఛాపురం ఉత్తరం తీసి, దాని మీద అంటించిన స్టాంపు చెమ్మ చేసి జాగ్రత్తగా ఊడదీశాడు.

శ్యామసుందర్ మర్నాడు ఉదయం ఏడింటికి లేచాడు. పద్దెనిమిది గంటలు. డాక్టరు లెక్కన ఆరు రోజుల నిద్ర.

పది గంటల బండికి సింహాచలం గారూ ఈశ్వరమ్మా దిగారు. పోట్లాటకి సిద్ధపడి వచ్చినవాళ్ళు కాబట్టి కాస్త నిరాశపడ్డారు.

"మా వాడు నిద్రపోతాడని సంబంధం వద్దన్నారు. నిద్రపోయాడని ఖాయం చేశారు," అన్నారు సింహాచలం గారు. "మీ పద్ధతి ఏటో నాకు అర్థం కాలేదు."

"నాకూ ఇప్పుడే అర్థమవుతుంది బావగారూ," అన్నాడు నరసన్న.

మాఘంలో ముహూర్తం అనుకున్నారు. భోజనాలయ్యాయి. ఈశ్వరమ్మ తాంబూలం వేసుకుంటూ కోడలితో రెండు మాటలు మాట్లాడదామని చూసింది. కామాక్షి వసారా స్తంభానికి జారబడి కూర్చుని ఉంది. ఒళ్ళో తమలపాకుల పళ్ళెం, చేతిలో సగం చుట్టిన ఆకు. తెల్లవారుజామున లేచి ఇంతమందికి వండింది. కళ్ళు మూతపడ్డాయి.

"అమ్మాయీ," అంటూ ఈశ్వరమ్మ చెయ్యి చాపింది.

"లేపకమ్మా," అన్నాడు శ్యామసుందర్.

అప్పుడే లోపలినుంచి కూర్మమ్మ పిలిచింది. "కామాక్షీ, నీళ్ళే."

అతను లేచి, చెంబు ముంచుకుని, లోపలికి వెళ్ళాడు.

"ఎవరు నువ్వు?" అని ముసలి గొంతు అడిగింది.

"కామాక్షి పంపిందండి."

"అదేదీ?"

"పడుకుంది."

"పడుకుందా." ముసలావిడ మంచం పట్టె పట్టుకుని లేవబోయింది. "సరే, పడుకోనీ. నన్ను పెరట్లోకి తీసుకెళ్ళగలవా? బరువేటి లేను."

"పదండి మామ్మా."

నరసన్న వసారాలో నిలబడి ఇదంతా విన్నాడు. ఇరవయ్యేళ్ళుగా నిద్రపోయేవాళ్ళని చూస్తున్న మనిషి. ఊయల దాటాక కూతురు నిద్రపోవడం చూడటం అదే మొదటిసారి. అబద్ధపు నిద్రో నిజం నిద్రో తేల్చడానికి ఆయనకి ఏ పరీక్షా అవసరం కాలేదు. ఒక ఈగ ఆమె చెంప మీద వాలింది. ఆమె నిద్రలోనే తోలుకుంది.

బయట కొట్టు ముందు ఎవరో బల్ల మీద కొడుతున్నారు. నరసన్న గబగబా వెళ్ళాడు.

"మెల్లగా," అన్నాడు. "కొట్టు కట్టేసేను. రేపు రా."

"ఇంకా రెండే కదా సావుకారూ అయ్యింది."

"రేపు రమ్మన్నాను కదా."

ఆ మనిషి వెళ్ళేదాకా ఆగి, తలుపు చెక్కలు ఒక్కొక్కటే ఎత్తి, చప్పుడు కాకుండా గాడిలో దించాడు.